చేనికి మందు – చెరువునకు విషము

మన తెలుగువారు పురుగును చంపుటకు చేనిపై చల్లు పదార్థమును "మందు" అందురు. జ్వరము వచ్చిన బిడ్డకు వైద్యు డిచ్చునదియు మందే. సుడిదోమ పట్టిన దుబ్బుపై మనము చల్లునదియు మందే. పేరొక్కటియే యగుటచే మనస్సును ఒక్కతీరుననే యుండుచున్నది. మందనగా మేలు చేయునది యనియు, కొంచెము హెచ్చయినను కీడు లేదనియు మనము నమ్మియున్నాము. డబ్బాపై నున్న పుఱ్ఱెబొమ్మయు, ఎఱ్ఱని ముక్కోణపు గుర్తును మన కంటికి కనబడుచునే యున్నవి గాని, నాలుకపై నున్న ఆ మంచి మాట కంటికి కనబడిన దానిని కప్పివేయుచున్నది. ఈ నెల మా విన్నపము ఆ మాటను గూర్చియే. మనము చేనిలో పోయుచున్నది మందు కాదు, విషము. అవసరమైనపుడు విషమునైనను వాడవచ్చును. అయితే విషమును విషమువలెనే వాడవలెను. ముఖ్యముగా అది మన త్రాగునీటి చెరువు త్రోవ పట్టకుండ చూచుకొనవలెను.

అల్లవరము మండల మెట్టిదో ఈ పత్రిక చదువువారికి మేము చెప్పనక్కరలేదు. ఒకవైపు వైనతేయ గోదావరి, ఒకవైపు సముద్రము. ఓడలరేవు, కొమరగిరిపట్నము, బెండమూర్లంక మొదలగు తీర గ్రామములందు బావి త్రవ్విన పలుచోట్ల ఉప్పునీరే తగులును. 1852లో ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ సీమకు వరికిని, దాహమునకును కాలువనీరే ఆధారము. ఆ నీరు కొత్తపేట, అంబాజీపేట, అమలాపురము దారుల నెన్నో గ్రామముల పొలములను తడిపి, ఎన్నో రేవులలో బట్టలు ఉతికించుకొని, పశువులను కడిగించుకొని, తుదకు శివారు గ్రామములైన మనకు చేరుచున్నది. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు మన మంచినీటి చెరువులను నింపుకొందుము. మరల కాలువ వదలువరకు ఊరంతయు, పశువులతో గూడ, ఆ నిలువ నీటితోనే కాలము గడుపవలెను.

ఇప్పుడు కాలమును గమనింపుడు. చెరువులు నింపుకొను దినము లేవి? మార్చి, ఏప్రిలు నెలలు. దాళ్వా చేలు పొట్టపోసుకొని ఈనుచు, గింజ గట్టిపడుచున్న దినములును అవియే. సుడిదోమ, ఊసతిరుగుడు, కంకినల్లి యని రైతు భయపడి మందుపై మందు కొట్టు దినములును అవియే. పైనుండి క్రింది వరకు కాలువగట్టుల వెంబడి మందుమరలు మ్రోగుచున్నపుడే, అదే కాలువ తూము తెఱచి మనము త్రాగునీరు పట్టుకొనుచున్నాము. ఈ రెండు పనులును ఒకే మాసమున, ఒకే నీటిపై జరుగుచుండగా, దీనిని గూర్చి మన మహాజనసభలలో ఒక్క ప్రశ్నయైనను ఇంతవరకు పుట్టకపోవుట మాకు వింతగా నున్నది.

పంటకాలువ వేరు, మురుగుకోడు వేరు గదా, చేనిలో చల్లినది కోడునబడి సముద్రమునకు పోవును గదా యని కొందఱు పెద్ద లనవచ్చును. కాలువలు త్రవ్వించినవారి యేర్పాటు అట్టిదే. అయితే నేటి శివారు భూములలో ఆ యేర్పాటు నిలిచినదా? కాలువ నీరు చాలనపుడు కోడునకు ఇంజను పెట్టి మురుగునీటినే తోడి చేలకు పెట్టుకొనుచున్నాము. కోడులు పూడి, గుఱ్ఱపుడెక్క పెరిగి, మురుగు పారక చేలు మునుగుటచే 2011లో మన కోనసీమ రైతులు సార్వా పంటనే విరమించి దేశమంతట వినబడునట్లు మొఱపెట్టుకొనవలసివచ్చినది. కోడు పారనపుడు దానిలోని నీరు వెనుకకు ఎగదన్ని బోదెలలోనికిని, పల్లపు కుంటలలోనికిని ప్రాకును. అంతేగాక మందు కలుపుకొనుటకు నీ రెక్కడ ముంచుచున్నాము? పంటబోదెలోనే. మందుమరను కడుగున దెక్కడ? కాలువ రేవులోనే. ఖాళీ డబ్బా విసరున దెక్కడ? ఆ గట్టు మీదనే. కోడు త్రోవ వేరైనను, మన చేతుల త్రోవ మాత్రము కాలువ వైపే యున్నది.

ఒకరిని తప్పుపట్టుటకు ముందు మా తప్పును చెప్పుకొనుట న్యాయము. మేము వ్యవసాయ ప్రదర్శకులమై ఇరువది యేండ్లకు దగ్గరగా పొలముల వెంట తిరుగుచున్నాము. కొలువునకు క్రొత్తగా వచ్చిన దినములలో, ఒక దాళ్వా కాలమున, ఒక గ్రామమున మందు ప్రయోగమును ప్రదర్శించితిమి. ఊసతిరుగుడు అణచుటకని పైరెథ్రాయిడు జాతి మందొకటి తెచ్చి, నలువదిమంది రైతుల యెదుట ఎకరము చేనిపై కొట్టించితిమి. పని ముగిసిన తరువాత మందుమరను కాలువ రేవులో శుభ్రముగా కడిగించి, "పనిముట్లు ఇట్లు శుభ్రపఱచుకొనవలెను" అని ఉపన్యాసము గూడ చేసితిమి. ఆ రేవునకు పది బారల దిగువను ఒక తూము, ఆ తూము క్రింద ఒక చెరువు ఉన్న సంగతి మాకు తోచలేదు.

మరునాటి ఉదయము పోయి చూడగా చెరువు అంచున చిన్న చేపలు తెల్లని పొట్టలతో తేలియున్నవి. గేదెను నీటికి తోలుకొనివచ్చిన ఒక ముసలమ్మ దానిని వెనుకకు మళ్లించి, మా వైపు చూచి, "ఏం బాబుగారూ, పురుక్కని చెప్పి చేపకి పోయించారా?" అని అడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి. ఆమె తిట్టలేదు, మొఱపెట్టలేదు. గేదెను తోలుకొని పోయినది. పదునెనిమిది దినములకు ఆ ప్రదర్శన మడిలో ఊసతిరుగుడు తగ్గినమాట నిజమే గాని, సుడిదోమ ప్రక్క మళ్లకంటె మిక్కుటమై, నడిచేనిలో గుండ్రముగా పైరు మాడిపోయినది. మేము పై యధికారులకు పంపిన నివేదికలో మాత్రము "ప్రదర్శన జయప్రదము" అనియే వ్రాసితిమి. ఊసతిరుగుడు లెక్క వ్రాయుటకు గడి యుండెను. చేపలను వ్రాయుటకు గడి లేదు. ముసలమ్మ ప్రశ్నను వ్రాయుటకును గడి లేదు. ఆనాడు వ్రాయనిదానిని ఈనాడు వ్రాయుచున్నాము.

కొంచెము విషము అంత నీటిలో ఏమి చేయునని యనువారితో ఒక లెక్క చేయింతము. మోనోక్రోటోఫాసు అను మందు మన చేలకు ఎన్నో యేండ్లు పరిచయమైనది. దాని ద్రావకములో నూటికి 36 పాళ్లు అసలు విషము. మన దేశపు త్రాగునీటి ప్రమాణముల ప్రకారము (2012లో సవరింపబడిన ఐ.ఎస్. 10500) ఒక లీటరు నీటిలో ఈ విషము ఒక మైక్రోగ్రామునకు, అనగా గ్రాములో పదిలక్షలవ వంతునకు మించరాదు. ఒక ఎకరము విస్తీర్ణమున ఆరడుగుల లోతు నీరున్న చెరువును తీసికొందము. అందు సుమారు 74 లక్షల లీటర్ల నీరుండును. ఆ నీటి నంతటిని హద్దు వరకు తెచ్చుటకు కావలసిన విషము ఏడున్నర గ్రాములకు లోపే. అనగా సీసాలోని మందు సుమారు 20 గ్రాములు. మూతలతో కొలిచిన రెండు మూతలు. ఊరంతటికి వేసవి నీరు నిలిపిన చెరువును ప్రమాణము అంచున నిలుపుటకు రెండు మూతలు చాలును. మన రేవులలో కడుగబడుచున్న మరలెన్ని, వాని అడుగున మిగిలిన మందెంత, మీరే లెక్కించుకొనుడు.

న్యాయముగా ఇంకొక మాటయు చెప్పవలెను. ఈ జాతి మందు ఎండకును నీటికిని కొంతకాలమునకు విఱిగిపోవును. నేడు చెరువున పడినది శాశ్వతముగా నుండదు. ఆ మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే ప్రభుత్వము నిషేధించినది. 2023లో ఈ 36 పాళ్ల ద్రావకమునే నిలిపివేయుటకు ఉత్తరువు చేసినది. అయితే ఒక పేరు పోయి ఇంకొక పేరు వచ్చినంత మాత్రమున మన చేతివాటము మాఱునా? పైరెథ్రాయిడు మందులు మనుష్యునికి కొంత తక్కువ కీడు చేయునవే గాని, చేపకును రొయ్యకును మిక్కిలి స్వల్పమైన మోతాదులోనే మృత్యువు. నీటిని కాచినందువలన గాని, క్లోరిను కలిపినందువలన గాని ఈ విషములు పోవునని నమ్మరాదు. కాచుటయు, క్లోరినును సూక్ష్మజీవులను చంపుటకు ఏర్పడిన యుపాయములు. పురుగుమందును తీసివేయుటకు కావు.

సొమ్ము గలవారు డబ్బానీరు కొనుక్కొని త్రాగుచున్నారు గదా యని మఱికొందఱు. నిజమే. మరి కొనలేనివా రెవరు? మన చేలలో ఊడ్చువారు, కోయువారు, ఆ మందుమరను వీపున మోసి కొట్టువారు. పగలంతయు విషమును పీల్చి, సాయంకాలము ఆ చెరువునీటితోనే స్నానము చేసి, ఆ నీటినే ఇంటికి తీసికొనిపోవువారు వారే. పశువునకు డబ్బానీరు ఎవ్వరును కొనిపెట్టరు. పాలు మాత్రము అందఱము త్రాగుదుము.

ఒక చెరువున పడిన విషము ఎట్లు పెరుగునో లోకము ఇదివరకే చూచినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున క్లియర్ లేక్ అను మంచినీటి సరస్సు గలదు. అచ్చటి సన్నదోమల బాధ పోగొట్టుటకు 1949లోను, మరల 1954, 1957 సంవత్సరములలోను డి.డి.టి. జాతికి చెందిన డి.డి.డి. అను మందును సరస్సులో కలిపిరి. మొదటి మారు కలిపినది ఏడు కోట్ల పాళ్ల నీటికి ఒక పాలు మాత్రమే. అంత పలుచని విషమునకు ఎవరు వెఱతురు? అయితే నీటిలోని కంటికి కనబడని నాచు దానిని కూడబెట్టుకొన్నది. ఆ నాచును తిన్న చిన్న చేప ఇంకను ఎక్కువ కూడబెట్టుకొన్నది. చిన్న చేపలను తిన్న పెద్ద చేపయు, వానిని తిన్న నీటిపక్షియు అంతకంతకు హెచ్చుగా. తుదకు చచ్చిన పక్షుల కొవ్వులో పదిలక్షలకు 1600 పాళ్ల విషము తేలినది. వేయి జతలకు పైగా గూళ్లు కట్టుచుండిన ఆ పక్షులు 1960 నాటికి 30 జతలుగా మిగిలెను. సన్నదోమలో, మరల వచ్చినవి. రేచెల్ కార్సన్ అను విదుషి 1962లో వ్రాసిన "సైలెంట్ స్ప్రింగ్" అను గ్రంథమున ఈ కథను వివరించి లోకమును మేల్కొలిపినది.

అది దూరదేశపు ముచ్చట యని త్రోసివేయుటకు వీలులేదు. మన కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరున్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులతో బాటు రెండు డెల్టాల మురుగుకాలువలును ఆ సరస్సులోనికే దిగును. అచ్చటినుండి నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. 1999లో అది పక్షుల అభయారణ్యమైనది. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. ఆ సుమారు కాలముననే, 2001లో, కొల్లేటి చేపలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు వాని దేహములలో పురుగుమందుల అవశేషము లున్నట్లు ప్రకటించిరి. బి.హెచ్.సి. మందు మన దేశమున 1997లోనే నిషేధింపబడినది; డి.డి.టి.ని వ్యవసాయమున వాడుట 1989లోనే ఆపివేయబడినది. అట్టి పాత విషములు మానివేసిన తరువాతను ఏండ్ల తరబడి బురదలోను, చేపకండలోను దాగియుండునవి. కొల్లేటిని చెఱచినది పొలము ఒక్కటే కాదు. పట్టణముల మురుగు, కర్మాగారముల వ్యర్థము, చేపల చెరువుల మేతయు మందులును అందు పాలు పంచుకొన్నవి. అయితే మన వంతు మనము ఒప్పుకొనుటకు ఇతరుల వంతు అడ్డు రాకూడదు.

ఆ కొల్లేటి యొడ్డుననే యున్న ఏలూరులో 2020 డిసెంబరు 5వ తేదీ మొదలుకొని జరిగినది మన మింకను మఱవలేదు. రెండు డెల్టాల కాలువలును చేరెడి పట్టణ మది. ఉన్నట్టుండి పిల్లలు, పెద్దలు మూర్ఛలువచ్చి పడిపోయిరి. కొన్ని దినములలోనే ఆఱువందల మందికి పైగా ఆసుపత్రి పాలైరి. మొదట రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవనిరి. పిదప పరీక్షించిన జాతీయ సంస్థల నిపుణులు పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమై యుండునని అభిప్రాయపడిరి. అవి ఏ దారిని మనుష్యుల దేహమున ప్రవేశించినవో మాత్రము అప్పుడు తేలలేదు. దీర్ఘకాల పరిశీలన కావలెననిరి. ఇందుండి మనము నేర్వవలసిన దేమి? విషము వచ్చిన దారిని రోగము వచ్చిన తరువాత వెదకుట మిక్కిలి కష్టము. అది బయలుదేరు చోటు మాత్రము మనకు తెలియును. ఆ చోట కాపుండుట సులభము.

ఇంతవరకు విన్న రైతు సోదరుడు, "అంతయు నిజమే, మందు కొట్టకున్న పంట పోవును గదా, అప్పు తీర్చున దెవరు?" అని అడుగును. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. కౌలుకు చేసి, నగలు కుదువబెట్టి మదుపు పెట్టినవాని భయమును మేము ఎఱుగుదుము. అయితే ఆ భయమునకు మందు సీసా జవాబా యని యోచింపవలెను. మా ప్రదర్శన మడిలో జరిగినది ఒకచోటి వింత కాదు. సుడిదోమను తిని బ్రతుకు సాలెపురుగులు, ఆకుపచ్చ మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగులు చేనిలో మన కొలువు లేని కావలివాండ్రు. మనము ముందుగానే కొట్టిన మందునకు వారే మొదట చత్తురు. దోమ గ్రుడ్లు ఆకుతొడిమలలో భద్రముగా నుండి, పిల్లలై, కావలి లేని చేనిలో విచ్చలవిడిగా పెరుగును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడిన సామెత మన చేనిలో ప్రతి దాళ్వాలోను నిజమగుచున్నది.

ఈ సంగతిని ఒక దేశమంతయు పరీక్షించి చూచినది. మనవలెనే వరి తిను ఇండొనీషియాలో, మందుల ధరలో పెద్ద పాలు ప్రభుత్వమే భరించుచుండిన కాలమున, 1985, 1986 సంవత్సరములలో జావా ద్వీపమున సుడిదోమ చెలరేగినది. ఎంత కొట్టిన నంత పెరిగినది. 1986 నవంబరులో ఆ దేశాధ్యక్షుడు వరిపై 57 రకముల మందులను నిషేధించి, క్రమముగా మందులపై సాయమును 1989 నాటికి పూర్తిగా తీసివేసి, రైతులకు చేనిలోనే పురుగులను గుర్తింప నేర్పు బడులను పెట్టించెను. వరిపంట పడిపోవునని భయపడిరి; పడిపోలేదు, తరువాతి యేండ్లలో పెరిగినది. మన రాష్ట్రమునను 2016 నుండి ప్రకృతి వ్యవసాయపు కార్యక్రమము నడచుచున్నది. మందును అందఱును ఒక్కనాడే మానివేయుడని మేము చెప్పుట లేదు. అవసరము చూడక కొట్టుట మానుడని చెప్పుచున్నాము.

అవసరమును చూచుటకు కొలత యున్నది. పిలకల దశలో దుబ్బుకు పది పదునైదు దోమలు, ఈనిక దశలో ఇరువది ఇరువదియైదు కనబడువరకు మందు జోలికి పోనక్కరలేదు. చేనిలోనికి దిగి, దుబ్బును వంచి, తట్టి, నీటిపై పడిన దోమలను లెక్కింపవలెను. గట్టుమీద నిలిచి ప్రక్కవాని చేనిని చూచి నిర్ణయింపరాదు. ఊడ్పు నాడే ప్రతి రెండు మీటర్లకు ఒక జానెడు బాట వదలిన గాలి వెలుతురు సోకి దోమ తగ్గును. యూరియా అదుపున నుంచవలెను; నల్లగా గుబురెక్కిన చేనే దోమకు విడిదిల్లు. మార్టేరు పరిశోధన స్థానము వెలువరించిన విత్తనములలో స్వర్ణ దోమకు లొంగునది, విజేత తట్టుకొనునది. దోమ పట్టు పల్లపు భూములలో ఏ విత్తనము వేయవలెనో ఈ మాటతోనే తెలియును. కొబ్బరి తోటలకు తెల్లదోమ వచ్చినపుడు అంబాజీపేట పరిశోధన స్థానమువారు మిత్రపురుగులను, శిలీంధ్రమును పెంచి యిచ్చుటయు మన కన్నుల యెదుటి సంగతియే.

ఇక మన సహకార సంఘమును గూర్చి. ఈ మాటలు కొందఱికి రుచింపకపోవచ్చును. అయినను ఈ పత్రిక సంఘసభ్యులదే గనుక ఇందే చెప్పవలెను. దుకాణదారు మందు అమ్ముట వ్యాపారము. సీసా లెన్ని చెల్లిన నంత లాభమని అతడు తలచిన తప్పు పట్టలేము. సహకార సంఘము అట్టిది కాదు. 1904లో మన దేశమున సహకార చట్టము పుట్టినది వడ్డీవ్యాపారి చేతినుండి రైతును విడిపించుటకు. ఆ సంఘమే మందు బల్ల వెనుక నిలిచి, అమ్మకము పెరిగినదని వార్షిక నివేదికలో సంతోషించినయెడల, విడిపించినవారే మరల కట్టివేసినట్లగును. అప్పు ఇచ్చునపుడు, ఎరువుతో బాటు మందునుగూడ సభ్యుని పేర వ్రాయు వాడుక ఎచ్చటనున్నను అది పోవలెను. పురుగు కనబడకముందే ఇంటికి చేరిన సీసా, పురుగు కనబడకపోయినను చేనికి చేరును. సభ్యుని సొమ్ముతో సభ్యుని చెరువును చెఱచి, ఆ కమీషనును సభ్యునికే లాభముగా పంచుట ఏ ధర్మము?

కావున రానున్న మహాజనసభ యెదుట మేము కొన్ని సూచనల నుంచుచున్నాము. మొదటిది, సంఘము మందు అమ్ముటకు ముందు "దుబ్బుకు ఎన్ని?" అని అడుగవలెను. సభ్యుడు లెక్క చెప్పవలెను. చెప్పలేనపుడు ఒక యువకుని వెంట పంపి చూపించి రావలెను. రెండవది, ప్రతి గ్రామమునను కాలువకును చెరువునకును దూరముగా, మెరక స్థలమున, మరలు కడుగుటకు ఒక గుంట యేర్పఱుపవలెను. కడిగిన నీరు చేనికే తిరిగి కొట్టవలెను గాని రేవునకు పోరాదు. మూడవది, ఖాళీ డబ్బాను మూడు మారులు తొలిచి, ఆ తొలిచిన నీటిని మరలోనే పోసికొని, చిల్లి పొడిచి సంఘమునకు తిరిగి యిచ్చినవారికి, ముందుగా పట్టిన కొంత సొమ్ము తిరిగి యీయవలెను. నాలుగవది, మందు కొట్టిన చేని గండి వారము దినములవరకు తెఱువరాదు; ఆ లోపల ఎండయు బురదయు చాలవరకు విషమును తగ్గించును. ఐదవది, మంచినీటి చెరువునకును, దానిని నింపు బోదెకును ఇరుప్రక్కల పది బారల మేర మందు ముట్టని చేలుగా నుంచవలెను. అట్టి చేలు గల రైతులకు పంట తగ్గినచో సంఘమే కొంత భరించుట న్యాయము. ఊరి నీటిని కాచు భారము ఒక్కని తలపై వేయరాదు.

ఆఱవది అన్నిటికంటె సులభము. చెరువు నింపు దినములను లస్కరుతోను, ఎగువ గ్రామముల సంఘములతోను ముందుగా మాటలాడి నిర్ణయించుకొని, ఆ దినములలో కాలువ పొడుగునను మందు కొట్టుటయు మరలు కడుగుటయు నిలుపుకొనవలెను. ఒక్క గ్రామము చేసిన ప్రయోజనమేమి, ఎగువవారు కడుగుదురు గదా యని యనువారు కలరు. శివారువారమైన మనకు ఆ సందేహము సహజమే. అయితే కాలువ ఒక్కటే, సంఘములును ఒక్క కేంద్ర బ్యాంకు గొడుగు క్రిందివే. మన రేవు మురికిగా నుంచుకొని ఎగువవానిని శుభ్రముగా నుండుమని యడుగ మనకు నోరు రాదు. ముందు మన రేవు, పిమ్మట పొరుగు రేవు. ఏడవదిగా, చెరువు నింపక ముందు ఒకమారు, నడివేసవిలో ఒకమారు నీటిని పట్టి ప్రయోగశాలకు పంపి, వచ్చిన ఫలితమును, బాగున్నను బాగులేకున్నను, సంఘపు గోడమీద అంటింపవలెను. అందుకగు ఖర్చును మందుల అమ్మకపు లాభమునుండియే తీయవలెను. విషము వలన వచ్చిన పైకము విషమును వెదకుటకు వెచ్చించుటకంటె తగిన వినియోగము లేదు.

సోదరులారా, మన తాతలు చెరువు త్రవ్వించుటను పుణ్యములలో నొకటిగా లెక్కించిరి. మనము క్రొత్త చెరువు త్రవ్వనక్కరలేదు. ఉన్నదానిని చెఱుపకుండిన చాలును. మేము ఆ ముసలమ్మ ప్రశ్నకు ఆనాడు బదులు చెప్పలేకపోతిమి. ఆమె నేడు లేదు. ఆ చెరువున్నది, ఆ రేవున్నది, వచ్చు దాళ్వాకు మరల మందుమరలు బయటికి వచ్చును. ఆమెకు మేము బాకీపడిన బదులు మాటలతో తీరునది కాదు. వచ్చు మార్చి నెలలో చెరువు తూము తెఱచు నాడు, ఆ రేవున ఒక్క మరయు కడుగబడకున్న, ఆ బాకీలో మొదటి వాయిదా తీరినట్లు తలచెదము. సభ్యులందఱును మహాజనసభకు వచ్చి ఈ సూచనలపై తమ తమ అభిప్రాయములను చెప్పవలసినదని మా మనవి.